ఆ నాలుగు శాతం ఎవరి ఖాతాలో?

ఈ మామా అల్లుళ్ళు ఎవరని అడగకండి. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు పాలీహౌసులు చూసినవాళ్ళకు ఇలాంటి మామ ఒక్కరైనా తగిలే ఉంటారు. సబ్సిడీ మీద వేయించిన వెయ్యి చదరపు మీటర్ల పాలీహౌసు, లోపల జెర్బెరా బెడ్లు, ఒక చివర కూలింగ్ ప్యాడ్, రెండో చివర ఆరు ఫ్యాన్లు. పొద్దు పొడవకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోవాల్సిన పూలు. ఫ్యాన్లకు వేరే కరెంటు మీటరు. అల్లుడు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివి, నెదర్లాండ్స్‌లోని వెస్ట్‌లాండ్‌లో గ్రీన్‌హౌసుల కంట్రోల్ కంప్యూటర్ల మీద పనిచేస్తున్నాడు. సెలవులకు మేనమామ ఇంటికి వచ్చాడు. మామ బిల్లు చూపించాడు, అల్లుడు సెన్సర్ డబ్బా చూపించాడు. అక్కడ మొదలైంది. నేను వినేవాణ్ణి మాత్రమే. నోరు ఊరుకోనప్పుడు బ్రాకెట్లో ఒక ముక్క కలిపాను.

మామ: బిల్లు ఎక్కువొస్తున్నది అంటే నువ్వు సెన్సర్ మార్చుమంటవు. కరెంటు తినేది ఫ్యానా, సెన్సరా?

అల్లుడు: తినేది ఫ్యానే మామా. ఎప్పుడు తినాలో చెప్పేది సెన్సరు. ఆ డబ్బా ఎక్కడుందో చూడు. దక్షిణం వైపు స్తంభానికి, నీ తల ఎత్తులో, మధ్యాహ్నం ఎండ నేరుగా పడేచోట. పూలేమో మోకాలి ఎత్తులో ఉన్నాయి. అది గాలి వేడిని కొలవడం లేదు, తన ఒంటి వేడిని తనే కొలుచుకుంటోంది.

మామ: కంపెనీ పిల్లగాడు ఆడ బిగించి పోయిండు. వానికి తెల్వదా?

అల్లుడు: ప్యానెల్ బోర్డు ఆ పక్కనే ఉంది కదా. వైరు తక్కువ పట్టింది.

(బిగించేవాడికి వైరు లెక్క, వాడేవాడికి కరెంటు లెక్క. మొదటిది ఒక్కరోజు ఖర్చు.)

అల్లుడు లోపలికి వెళ్ళి, పూల పెట్టెల్లో వాడే థర్మాకోల్ ముక్కొకటి తెచ్చి సెన్సర్‌కు ఎండ తగలకుండా అడ్డం పెట్టాడు. పనివాళ్ళ గదిలోని చిన్న టేబుల్ ఫ్యాన్‌ను దాని వైపు తిప్పాడు. తెర మీద 31.4 ఉన్న అంకె మెల్లగా దిగి 28.9 దగ్గర ఆగింది. మామ దగ్గరికి వచ్చి, కళ్ళద్దాలు పైకి జరుపుకొని ఆ అంకెను రెండుసార్లు చదివాడు.

అల్లుడు: రెండున్నర డిగ్రీలు. నీ సెట్టింగు 27కు రెండు ఫ్యాన్లు, 29కి నాలుగు, 31కి ఆరు. ఇప్పుడు కావాల్సినవి రెండు, తిరుగుతున్నవి ఆరు. ఫ్యానుకు ఒకటిన్నర హార్స్ పవర్ అంటే గంటకు 1.1 యూనిట్లు. రెండింటికి 2.2, ఆరింటికి 6.6. ఈ తేడా సెన్సర్ చేసిందే. ఇది కొత్త సంగతి కూడా కాదు. 1890 ప్రాంతంలోనే జర్మనీలో రిచర్డ్ ఆస్మాన్ ఒక పరికరం చేశాడు. థర్మామీటర్లను మెరిసే లోహపు గొట్టాల్లో పెట్టి, చిన్న ఫ్యానుతో వాటి మీదుగా గాలి లాగించాడు. ఎండ తగలకూడదు, గాలి నిలవకూడదు. నూటముప్పై ఏళ్ళు దాటాయి, మనం ఇంకా స్తంభానికి వేలాడదీస్తున్నాం.

మామ: సరే, ఒప్పుకుంట. గిప్పుడు డిసెంబరు. అదే ఏప్రిల్‌ల, మే నెలల రా. బయట 40, లోపల 33 ఉంటది. నీ సెన్సర్ 33 చూపినా, నా సెన్సర్ 35 చూపినా ఆరు ఫ్యాన్లు తిరుగుడే గద. తప్పు చూపినందుకు నాకు పైస నష్టం లేదు. కరెంటు ఎక్కువ పోయేదే ఎండకాలంల.

అల్లుడు: అది నిజమే. సెట్టింగుకు దూరంగా ఉన్నప్పుడు సెన్సర్ తప్పుకు ఖర్చుండదు. దగ్గరగా ఉన్నప్పుడే, అంటే చలికాలం మధ్యాహ్నాలు, ఎండాకాలం పొద్దుటి పూట, సాయంత్రాలు. కానీ ఏడాదిలో ఆ గంటలే ఎక్కువ మామా. నడి ఎండాకాలం ఎన్ని నెలలుంటుంది?

మామ: ఇంకో మాట. మా ఇంట్ల గోడ గడియారం పది నిమిషాలు ముందుంటది. అందరికీ తెలుసు, ఎవరికీ ఇబ్బంది లేదు. ఇది కూడా గంతే. నా మీటర్ల 27 అంటే నా పూలకు ఏం గావాల్నో నాకు తెలుసు. పువ్వు కాడ మెత్తగైతుందా, రేక ఆరుతుందా చూసుకుంట సెట్టింగు జరుపుకున్న. తప్పు మీటరే గానీ నాకు అలవాటైన మీటరు.

అల్లుడు: గడియారం ఎప్పుడూ అదే పది నిమిషాలు ముందుంటే నువ్వన్నది నిజం. ఈ సెన్సర్ పొద్దున్న సరిగ్గా చూపుతుంది, మధ్యాహ్నం రెండున్నర ఎక్కువ చూపుతుంది, మబ్బు పడితే మళ్ళీ సరిగ్గా చూపుతుంది. దేనికి అలవాటు పడతావు? తేమ సెన్సర్ సంగతి ఇంకా తిక్క. రాత్రంతా 95 శాతంలో నానుతుంది, పగలు మందు కొట్టినప్పుడు ఆ ఆవిరి తాగుతుంది, బూడిద తెగులుకు గంధకం పొగ పెడితే అదీ తాగుతుంది. ఏడాది తిరిగేసరికి నువ్వు అలవాటు పడిన మీటరు వేరే మీటరు అయిపోయి ఉంటుంది, నీకు చెప్పకుండా.

మామ: చెడిపోతే మారుస్త.

అల్లుడు: మార్చిన రోజు ఏమవుతుంది? నీ 27 నీ పాత మీటరుకు 27. కొత్తది సరిగ్గా చూపితే నీ అనుభవం మొత్తం మళ్ళీ మొదటి నుంచి. పక్క ఊరి రైతు రాత్రి 18 పెట్టు అని చెబితే అది ఎవరి 18? నీ అలవాటును నీ కొడుక్కి కూడా రాసివ్వలేవు.

దీనికి మామ దగ్గర వెంటనే జవాబు రాలేదు. (రైతు అనుభవం గొప్పదని రాసేవాళ్ళం చాలామందిమి. ఆ అనుభవం ఒక చెడిపోయిన సెన్సర్‌తో ముడిపడి ఉంటే ఎంత పెళుసో రాయం.) కానీ మామ ఆలస్యంగానైనా దెబ్బ తీసే మనిషి.

మామ: నువ్వు చెప్పిన సెన్సర్ పైసలతోని ఫ్యాన్లకు స్పీడు మార్చే డ్రైవ్ పెట్టిస్త. స్పీడు తగ్గితే కరెంటు మస్తు తగ్గుతదట. సగం స్పీడుకు సగం కాదు, ఎనిమిదో వంతే అంటున్నరు.

అల్లుడు: నిజమే. ఫ్యాన్ తీసుకునే పవర్ వేగానికి ఘనం లెక్కన మారుతుంది. కానీ ఆ డ్రైవ్‌కు ఎంత స్పీడులో తిరగాలో చెప్పేది ఎవరు?

మామ: ఈ సెన్సరే. చెప్పనీ! ఇప్పుడు రెండు డిగ్రీల తప్పుకు నాలుగు ఫ్యాన్లు దబాల్న మొదలైతున్నయి. డ్రైవ్ ఉంటే గదే తప్పుకు స్పీడు కొంచెం పెరుగుతది, గంతే. మొదలైనప్పుడల్లా మోటారు గుంజే కరెంటు కూడ ఉండదు.

అల్లుడు: స్టార్టింగ్ కరెంటు గురించి నువ్వన్నది నిజం. నేరుగా స్టార్ట్ చేస్తే మామూలుకు ఆరింతల దాకా లాగుతుంది. కానీ ‘కొంచెం’ అన్నావే, దాన్ని లెక్కవేద్దాం. 80 శాతం స్పీడు సరిపోయే చోట తప్పు వల్ల 90లో తిరిగిందనుకో. 80 దగ్గర పవర్ 51 శాతం, 90 దగ్గర 73. స్పీడులో పది తేడా, బిల్లులో ఇరవై రెండు. డ్రైవ్ పెట్టించు, వద్దనను. కానీ అది సెన్సర్ తప్పును మాఫీ చేయదు, పలుచగా పరుస్తుంది.

మామ: నువ్వు డచ్చి దేశంల నేర్చుకున్న లెక్కలు ఈడ చెప్తున్నవు. వాళ్ళది వేడి చేసుకునే దేశం, మనది చల్లగ చేసుకునే దేశం.

అల్లుడు: దేశం వేరు, తప్పు ఒకటే. అక్కడి సంగతి చెబితే నీకే తెలుస్తుంది. 1959లో గ్రోనింగెన్‌లో పెద్ద గ్యాస్ నిక్షేపం దొరికింది. ఆ తర్వాత అద్దాల ఇళ్ళకు చౌక గ్యాసు. ఇప్పుడు ఆ దేశంలో దాదాపు పది వేల హెక్టార్ల గ్రీన్‌హౌసులున్నాయి. భూకంపాలు వస్తున్నాయని 2023 అక్టోబరులో గ్రోనింగెన్‌లో గ్యాస్ తీయడం ఆపేశారు. దానికంటే ముందు, 2022 ఆగస్టులో, యూరప్ మార్కెట్లో గ్యాస్ ధర మెగావాట్ అవర్‌కు 300 యూరోలు దాటింది. అంతకుముందు ఏళ్ళలో 20కి అటూ ఇటూ ఉండేది. ఆ చలికాలం చాలామంది లైట్లు ఆర్పేశారు, నాటడం వాయిదా వేశారు. అప్పుడు ప్రతివాడూ ఒకటే అడిగాడు, నా గ్యాసు ఎటు పోతోంది అని.

మామ: ఎటు పోయింది?

అల్లుడు: చెప్పుకోదగ్గ భాగం తేమ తీయడానికి. రాత్రి మొక్కలు ఆవిరి వదులుతాయి. తేమ 85 శాతం దాటితే బూజు భయం. అందుకని పైకప్పు కిటికీ కాస్త తెరుస్తారు, అదే సమయంలో కింద వేడి నీళ్ళ పైపులు నడుపుతారు. మొక్కలు చురుగ్గా ఉండాలని ఆ పైపులను ఒక కనీస వేడి కంటే తగ్గనివ్వని అలవాటు కూడా ఉండేది. ఒక పక్క పొయ్యి, ఒక పక్క తెరిచిన కిటికీ. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2.45 మెగాజౌళ్ళు పడుతుంది. ఆ వేడి ఆవిరితోపాటే కిటికీ గుండా పోతుంది. పదమూడు లీటర్ల ఆవిరి బయటికి పంపితే ఒక ఘనపు మీటరు గ్యాసు పోయినట్టు. కిటికీలోంచి దిగిన చలిగాలిని వేడి చేసే ఖర్చు దీనిమీద అదనం.

మామ: దీంట్ల సెన్సర్ తప్పేమున్నది?

అల్లుడు: వాళ్ళ కొలిచే పెట్టెల్లో చాలావాటిలో రెండు థర్మామీటర్లుంటాయి. ఒకటి పొడిది. ఇంకొకదానికి నూలు వత్తి తొడిగి, వత్తి కొసను నీళ్ళ డబ్బాలో ముంచుతారు. లోపల చిన్న ఫ్యాను సెకనుకు మూడు మీటర్ల వేగంతో గాలి లాగుతుంది. పొడిది 20, తడిది 18 చూపితే తేమ 82, 83 శాతం. ఇప్పుడు ఆ వత్తి సగం ఆరిందనుకో, లేదా సున్నం పట్టి గట్టిపడిందనుకో. నీళ్ళు సరిగ్గా ఆవిరి కావు, తడి థర్మామీటర్ అంత చల్లబడదు. 18 బదులు 18.5 చూపుతుంది. అర డిగ్రీ. తేమ లెక్క 87కు దగ్గరగా వస్తుంది. నిజం 83, కంప్యూటర్ చదివింది 87, గీత 85. రాత్రంతా కిటికీ తెరిచి పైపులు కాలుస్తుంది. ఆ నాలుగు శాతం వాతావరణంలో లేదు, వత్తిలో ఉంది.

(వత్తిని ఒకసారి దగ్గరగా చూడండి. కొత్తది తెల్లగా, మెత్తగా, వేలికి చల్లగా తగులుతుంది. డిస్టిల్డ్ నీళ్ళ బదులు బోరు నీళ్ళు పోస్తే కొన్ని వారాల్లో కొసన పసుపచ్చని పెచ్చు కట్టి, గోరుతో గీకితే పొడిగా రాలుతుంది. మన బోర్ల నీళ్ళలో ఉప్పులెంతో కూలింగ్ ప్యాడ్ అంచులు చూస్తే చాలు. మొత్తం పరికరంలో అన్నిటికంటే చవకైన వస్తువు ఈ వత్తి.)

మామ: నువ్వే నా మాట ఒప్పుకున్నవు. సెన్సర్ కొత్తదా పాతదా అన్నది కాదు లొల్లి. వత్తి మార్చినమా, నీళ్ళు పోసినమా అన్నది. దానికి ఇంజినీరెందుకు, జీతగాడు చాలు. ఇంకోటి చెప్పు. వాళ్ళు గ్యాసు తగ్గించింది నిజంగ సెన్సర్‌తోనా? నేను వీడియోల చూసిన. రాత్రి లోపల తెర గుంజుతరు. తెరతోనే గద తగ్గింది?

అల్లుడు: ఎక్కువ తగ్గింది తెరతోనే. కాదనను.

మామ: గది చెప్పు మరి.

అల్లుడు: ఆగు మామా. తెర వేస్తే వేడి లోపల ఉంటుంది, తేమా లోపలే ఉంటుంది. తెర కింద బూజు వస్తే పంట పోతుంది. అందుకని తెర ఉన్నా చాలామంది నిండా మూసేవాళ్ళు కాదు, నడుమ కొంచెం సందు వదిలేవాళ్ళు. ఎందుకు? తేమ అంకె మీద నమ్మకం లేక. మీటరు ఐదు శాతం అటూ ఇటూ చూపుతుందని తెలిస్తే 85 దగ్గర ఆగాల్సినవాడు 80 దగ్గరే ఆగుతాడు, జాగ్రత్త కోసం. ఆ ఐదు శాతం భయానికి ప్రతి రాత్రీ గ్యాసు కాల్చాలి. అంకె నమ్మదగ్గదైతే తెర నిండా మూస్తాడు. సెన్సర్ నేరుగా ఏమీ ఆదా చేయదు. రైతు భయాన్ని తగ్గిస్తుంది, ఆ భయం ఖర్చే ఆదా.

నాకు ఈ వాదనలో అన్నిటికంటే గట్టిగా అనిపించిన మాట ఇది. సెన్సర్ అమ్మేవాళ్ళు ఖచ్చితత్వాన్ని అంకెగా అమ్ముతారు. దాని విలువ మాత్రం, రైతు తన సెట్టింగును ప్రమాదానికి ఎంత దగ్గరగా పెట్టగలడు అన్నదాంట్లో ఉంది. డిగ్రీకి పదో వంతు చూపే పరికరం కొని, భయంతో మూడు డిగ్రీల ముందే ఫ్యాన్లు వేసుకునే పాలీహౌసులు నేను చూశాను. వాళ్ళు కొన్నది పరికరం, వాడుతున్నది భయం. మామ మాత్రం అంత తేలిగ్గా మెత్తబడలేదు.

మామ: నమ్మకం అన్నవు. ఆ నమ్మకం ఏడికెల్లి వస్తది? డబ్బా మీద రాసిన దాంతోనా? నా సెన్సర్ కాగితం తెస్త, చదువు.

కాగితం వచ్చింది. ప్లస్ ఆర్ మైనస్ రెండు శాతం, 25 డిగ్రీల దగ్గర, తేమ 20 నుంచి 80 శాతం మధ్య. 80 పైన ఏమిటో అక్షరం లేదు.

మామ: నా పూలకు రోగం వచ్చేది 90 పైన. వీడు మాటిచ్చేది 80 దాకా. నాకు గావాల్సిన కాడనే నోరు మూసుకున్నడు.

అల్లుడు: నువ్వు పట్టుకున్నది అసలైన చోటే. 1973లో ఫిన్లాండ్‌లో వైసాలా కంపెనీ పలుచని పాలిమర్ పొరతో తేమ కొలిచే సెన్సర్ మార్కెట్లోకి తెచ్చింది. వత్తి, నీళ్ళ బాధ పోయిందని అందరూ సంతోషించారు. నీ డబ్బాలో ఉన్నదీ ఆ జాతిదే. దాని బలహీనత తడి దగ్గరే. నూటికి దగ్గరయ్యేకొద్దీ తప్పు పెరుగుతుంది, మీద నీటి చుక్క నిలిస్తే చాలాసేపు తేరుకోదు. అందుకే డచ్చి రైతులు చాలామంది ఇంకా వత్తినే నమ్ముతారు, చాకిరీ ఉన్నా.

మామ: పువ్వు సంగతి వేరే ఉన్నది. నీ పెట్టె గాలిని కొలుస్తది. రోగం వచ్చేది పువ్వు మీద. తెల్లారుగట్ల పాలీ షీటు చల్లబడి ఉంటది, పువ్వు గాలి కన్న చల్లగుంటది. చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తది.

అల్లుడు: అవును. గాలి 20 డిగ్రీలు, తేమ 90 శాతం అంటే 18.3 దగ్గర మంచు పడుతుంది. పువ్వు గాలి కంటే రెండు డిగ్రీలు చల్లబడితే రేకుల మీద తడి. పెట్టె 90 అని చూపుతుంటుంది, పువ్వుకు మాత్రం అది నూరు. సెన్సర్ తప్పు లేకపోయినా తప్పు జరుగుతుంది. దీనికి నీ చెయ్యే మంచిది, లేకపోతే ఆకు వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ మీటరు.

మామ: ఇంకోటి అడుగుత. రాత్రి తేమ 90 దాటితే రెండు ఫ్యాన్లు తిరిగేటట్టు పెట్టిన. వానకాలం తెల్లారే దాకా తిరుగుతనే ఉంటయి. నీ సెన్సర్ పెడితే ఆగుతయా?

అల్లుడు: (కాసేపాగి) ఆగవు. ఆగస్టు రాత్రి బయటే 90 పైన ఉంటుంది. లోపలి తడి గాలి తీసి బయటి తడి గాలి నింపుతున్నావు. రెండు ఫ్యాన్లు ఎనిమిది గంటలు అంటే రాత్రికి పదిహేడున్నర యూనిట్లు.

మామ: సెన్సర్ తప్పా?

అల్లుడు: సెట్టింగు తప్పు. లోపల గాలిలో ఎంత నీరుంది, బయట ఎంతుంది అని పోల్చి, బయట తక్కువుంటేనే ఫ్యాను వేయాలి. దానికి బయట ఇంకో సెన్సర్ కావాలి. లేదా వానాకాలం ఆ సెట్టింగే తీసేయాలి.

మామ: తీసేసుడు ఫుకట్‌ల అయితది.

(ఈ రౌండు మామది. ఇలాంటి అందని సెట్టింగులు మన కోస్తాలో ఇంకా ఎక్కువ. హైదరాబాద్ దగ్గర మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు, 25 శాతం తేమ ఉంటే, బాగా పనిచేసే ప్యాడ్ గాలిని 27 దాకా దించుతుంది. అదే 40 డిగ్రీలు గుంటూరు వైపు 45 శాతం తేమతో వస్తే, అదే ప్యాడ్ 31 దగ్గర ఆగిపోతుంది. అక్కడ ఇక్కడి సెట్టింగు కాపీ కొట్టి 28 పెట్టుకున్నవాడికి ఫ్యాన్లు పొద్దంతా ఆగవు, 28 ఎప్పటికీ రాదు. వర్షాకాలంలో ఇక్కడైనా అంతే. బయట 28 డిగ్రీలు, 85 శాతం ఉంటే ప్యాడ్ ఇచ్చేది రెండు డిగ్రీల లోపు చల్లదనం, దాంతోపాటు 97 శాతం తేమ. పంపు కరెంటు పోసి బూజును పిలవడమే. ఎంత ఖచ్చితమైన సెన్సరైనా రాని చల్లదనాన్ని తెచ్చి ఇవ్వదు.)

అల్లుడు: సరే, ఇన్ని చెప్పావు. నీ తేమ సెన్సర్ ఎంత తప్పు చూపుతోందో ఇప్పుడే ఇక్కడే చూద్దామా? ఇంట్లో ఉప్పుందా?

మామ: ఉప్పెందుకు? దిష్టి తీస్తవా?

ఉప్పు వచ్చింది. అల్లుడు గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అడుగున ఒక గిన్నెలో ఉప్పు పోసి, కొద్దికొద్దిగా నీళ్ళు చిలకరించి ముద్ద చేశాడు, నీళ్ళు పైకి తేలకుండా. సెన్సర్ మొనను ఉప్పుకు తగలకుండా లోపల వేలాడదీసి, వైరు దూరిన సందును టేపుతో మూశాడు. డబ్బాను ఎండ లేని స్టోర్ రూములో పెట్టాడు. ముద్ద ఉప్పు మీద మూసిన గాలిలో తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. 20 డిగ్రీలైనా 30 డిగ్రీలైనా దాదాపు అంతే. లాబరేటరీల్లోనూ ఈ పద్ధతే వాడతారు. సాయంత్రానికి తెర మీద 81 ఉంది.

అల్లుడు: ఆరు ఎక్కువ. అంటే నీ ఫ్యాన్లు 90కి తిరుగుతున్నాయనుకుంటున్నావు, 84 దగ్గరే మొదలవుతున్నాయి. నవంబరు, ఫిబ్రవరి రాత్రుల్లో ఇది నిజమైన ఖర్చు. బయట పొడిగా ఉన్నా అవసరం లేకుండానే తిరిగాయి. పైగా లోపలి వెచ్చదనమూ పోయింది.

మామ: 75 కాడ ఆరు తప్పు. 95 కాడ ఎంత? నువ్వే అన్నవు గద, పైకి పోయినకొద్ది తప్పు పెరుగుతదని.

అల్లుడు: దానికి వేరే ఉప్పు కావాలి. పొటాషియం సల్ఫేట్. దాని ముద్ద మీద గాలి 97 శాతం దగ్గర నిలుస్తుంది. అది ఇక్కడెక్కడ దొరుకుతుంది...

మామ: నువ్వు ఎరువు సంచి మీద కూసున్నవు.

నిజంగానే. అల్లుడు కూర్చున్నది 0-0-50 సంచి మీద. డ్రిప్‌లో వదిలే ఎరువు, పేరు సల్ఫేట్ ఆఫ్ పొటాష్. లాబరేటరీ సరుకంత శుద్ధమైనది కాకపోవచ్చు, మన పనికి చాలు. ఇద్దరూ నవ్వుకున్నారు, రెండో డబ్బా కట్టారు. మర్నాడు పొద్దున అది 99 దాటి ఇక కదలడం మానేసింది. 97 ఉన్నచోట నిండిపోయిందంటే, నిజం 90 ఎప్పుడు దాటిందో ఈ సెన్సర్ని నమ్మి చెప్పలేమన్నమాట.

మామ: ఇప్పుడు చెప్తున్న విను. ముందు సెన్సర్ డబ్బాను పాలీహౌసు నడుమకు తెచ్చి, పూల ఎత్తుకు దించు. మీద నీడ, పక్కన కంప్యూటర్ల ఉండే చిన్న ఫ్యాను. వానకాలం రాత్రి ఫ్యాన్ల సెట్టింగు బంద్. ఒక బిల్లు చూస్త. అప్పటికీ నువ్వే కరెక్టనిపిస్తే కొత్త తేమ సెన్సర్ కొంట. మొన మార్చుకునేటట్టు ఉండాలె, డబ్బా మొత్తం మార్చుడు కాదు.

అల్లుడు: రెండు సెన్సర్లు పెట్టు మామా. ఒకటి ప్యాడ్ వైపు, ఒకటి ఫ్యాన్ల వైపు. ప్యాడ్ దగ్గర చల్లగా, ఫ్యాన్ల దగ్గర నాలుగైదు డిగ్రీలు వేడిగా ఉంటుంది. ఒకదాన్నే నమ్మితే ఏదో ఒక చివర పూలు నష్టపోతాయి. రెండూ ఒకదాన్నొకటి కనిపెట్టుకుంటాయి కూడా. తేడా ఉన్నట్టుండి మారిందంటే ఒకటి చెడిపోయినట్టు.

మామ: రెండు చవక సెన్సర్లా, ఒక్క ఖరీదైనదా?

అల్లుడు: రెండు చవకవి, సీజన్‌కు ఒకసారి ఉప్పు డబ్బాలో పెట్టేటట్టయితే. పెట్టనంటే ఏదైనా ఒకటే.

నేను ఇక్కడ అల్లుడి పక్షమే, ఒక్క షరతుతో. అల్లుడు చెప్పిన ఖచ్చితత్వం నిజంగా డబ్బు మిగిల్చేదే, కానీ అది దుకాణంలో దొరికేది కాదు. డబ్బా చోటు, నీడ, గాలి, ఉప్పు పరీక్ష, అందుకోగలిగే సెట్టింగు, ఇవన్నీ మామ చేతిలో పనులు. ఇవి కాకుండా కొన్న ఖరీదైన సెన్సర్ కూడా ఏడాది తిరిగేసరికి ఇంకో గోడ గడియారమే అవుతుంది.

ఈ సీజన్‌లో తేమ సెన్సర్ కొనబోతున్నవాళ్ళకు ఒక మాట. ధర అడిగేముందు 95 శాతం దగ్గర ఎంత తప్పు చూపుతుందో అడగండి. రాతపూర్వకంగా చెప్పలేనివాళ్ళ దగ్గర కొనకండి.